ఆరు చదరపు మీటర్ల యెండ

నౌపడ ఉప్పుమళ్లలో సముద్రజలమును హరించి తెల్లని రాశులుగా మిగుల్చునదియు, పలాస కాశీబుగ్గలలో కళ్లములపై పరచిన జీడిపిక్కల తేమను లాగివేయునదియు, భావనపాడు మొదలుకొని వజ్రపుకొత్తూరు తీరము వరకు ఇసుకపై ఆరవేసిన చేపను నెలల తరబడి నిలువయుండు సరకుగా మార్చునదియు ఒక్కటే శక్తి, అది యెండ. శ్రీకాకుళము జిల్లాలోని ఈ ఉద్దానపు జనులకు ఎండతో గల ఈ సంబంధము తరతరములది. అయినను ఆ యెండను కొలిచి చూడవలసిన అగత్యము వారికెన్నడును కలుగలేదు. పిక్క ఎండినదో లేదో చేత పట్టి చూచిన తెలియును. చాలకున్నచో మరునాడును సూర్యుడుదయించును. మబ్బు పట్టినచో టార్పాలిను కప్పి ఎదురుచూచుటయే. ఎండను ఇట్లు లెక్కలేక వాడుకొను వారి నడుమ నిలిచి, దానిని వాట్లలోను యూనిట్లలోను కొలిచి, చదరపు మీటరుకు ఇంతయని పద్దు వ్రాసికొని, ఆ పద్దునకు మించి పైసయైనను వ్యయము చేయరాదని నియమము పెట్టుకొన్న వారిని గూర్చి చెప్పవలెనని నా యుద్దేశము. వారు సౌరశకటములను నిర్మించు విశ్వవిద్యాలయ విద్యార్థులు.

నిర్మలమైన ఆకాశమున సూర్యుడు నడినెత్తికి వచ్చినపుడు ఒక చదరపు మీటరు వైశాల్యముపై పడు శక్తి ఇంచుమించు 1000 వాట్లు. ఉదయసాయంకాలముల ఏటవాలు కిరణములను, మబ్బులను, వానకాలమును కలిపి సగటు తీసినచో మన కోస్తాతీరమున చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 యూనిట్ల యెండ లభించుచున్నది. ఇంటి కరెంటు మీటరులో తిరుగు యూనిట్టే ఈ యూనిట్టు. వినుటకు ఇది పెద్ద సంపదవలె తోచును. కాని సిలికాను ఫలకము ఎంత మేలుజాతిదైనను తనపై పడిన దానిలో నాలుగవ వంతునకు అటునిటుగా మాత్రమే విద్యుత్తుగా మార్చగలదు. తక్కినది వేడియై పోవును. ఆ వేడి మరల ఫలకమునకే చేటు తెచ్చును. 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకిని దాని యుత్పత్తి రమారమి 0.4 శాతము చొప్పున తగ్గుచుండును గనుక, రోహిణికార్తె యెండలో 60 డిగ్రీలకు కాగిన ఫలకము తన శక్తిలో ఏడవ వంతును పోగొట్టుకొనును. ఎండ మిక్కుటమైన చోటనే ఎండవలన నష్టమును మిక్కుటముగా నుండుననెడి ఈ విపర్యాసమును విద్యార్థులు మొదటి పాఠముగా నేర్చుకొందురు.

ఆస్ట్రేలియాలో జరుగు ప్రపంచ సౌరశకట స్పర్ధయందు, ఒక్క మనిషి కూర్చుండు బండ్ల తరగతికి 2025లో అనుమతించిన ఫలకముల వైశాల్యము 6 చదరపు మీటర్లు. అంతకు మునుపు కొన్ని స్పర్ధలలో అది 4 చదరపు మీటర్లే. ఆరు చదరపు మీటర్లనగా ఒక మంచము పరుచుటకు సరిపడు చిన్న గదిలో సగము. దానినుండి నడిమధ్యాహ్నమున రాగల విద్యుత్తు 1400 వాట్లు, అనగా రెండు గుర్రముల బలమునకు తక్కువ. మన యిండ్లలోని ఇస్త్రీపెట్టె 1000 వాట్లు తినును. ఒకటిన్నర ఇస్త్రీపెట్టెకు చాలినంత కరెంటుతో మనిషిని కూర్చుండబెట్టుకొని గంటకు 80 కిలోమీటర్ల వేగముతో దినమంతయు పరుగిడవలెను. సమస్య యిదియే. పత్రికలలో తరచుగా కానవచ్చు "పెట్రోలు అక్కరలేని కారు" అను శీర్షిక ఈ సమస్యను మరుగుపరచుచున్నది. పెట్రోలు లేకుండ నడచుట బ్యాటరీ బండ్లు అన్నియు చేయు పనియే. ఇంత కొద్దితో నడచుటయందే విశేషమున్నది.

ఈ కొద్దిపాటి శక్తి ఎచ్చటికి పోవుచున్నదో చూతము. సమతలమైన రోడ్డుపై నిలుకడ వేగముతో పోవు బండిని వెనుకకు లాగునవి ముఖ్యముగా రెండు: గాలి, టైరు. టైరు నేలనంటి నలిగి మరల యథాస్థితికి వచ్చుటలో పోవు శక్తి బండి బరువును బట్టి యుండును. గాలి మాట వేరు. వేగము రెట్టింపైనచో గాలి యొత్తిడి నాలుగు రెట్లగును; ఆ యొత్తిడిని నెట్టుకొని పోవుటకు వలయు శక్తి, ప్రతి క్షణమునకు లెక్కించినచో, ఎనిమిది రెట్లగును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున గాలికి 75 వాట్లు చెల్లించు బండి 80 కిలోమీటర్లకు చేరునప్పటికి 600 వాట్లు చెల్లించుకొనవలసివచ్చును. మామూలు చిన్నకారును 80 కిలోమీటర్ల వేగమున నడిపించుటకు చక్రముల వద్ద సుమారు 7000 వాట్లు కావలెను. అదే వేగమునకు మంచి సౌరశకటము 800 లేక 900 వాట్లతో తృప్తిపడును. ఈ యెనిమిది రెట్ల వ్యత్యాసమును సాధించినది సూర్యుడు కాదు, ఫలకమును కాదు. ఆకృతి, బరువు, టైరు, మోటారు అను నాల్గింటియందును గింజ గింజగా ఏరి చేసిన మితవ్యయము దానిని సాధించినది. సౌరశకటము అనగానే జనులు దాని వీపుమీది నల్లని పలకలను చూచెదరు. చూడవలసినది పలకల క్రింద నున్న పొదుపును.

ఈ విద్య చరిత్ర చిన్నది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు 1954లో సిలికాను సౌరఘటమును లోకమునకు చూపిరి. ఆ మరుసటి సంవత్సరమే షికాగో నగరమున జనరల్ మోటార్సు సంస్థకు చెందిన విలియం కాబ్ అను నతడు సెలీనియము ఘటములు పొదిగిన ఒక బొమ్మకారును ప్రదర్శించెను. అది మూరెడు పొడవైనను లేదు. తరువాత దాదాపు ముప్పది యేండ్లు ఎవరును దీనిని పెద్దగా పట్టించుకొన్నట్లు లేదు. డెన్మార్కున పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన హాన్స్ థోల్‌స్ట్రప్ అను సాహసి, చమురుబావులు తరుగుచున్నవను మాట లోకమంతట వినవచ్చుచున్న కాలమున, లారీ పెర్కిన్స్ అను పందెపుకార్ల చోదకునితో కలిసి 1982 డిసెంబరులో పెర్త్ నగరము విడిచి, ఆ ఖండమును పడమటి నుండి తూర్పునకు సౌరశకటముపై దాటి 1983 జనవరిలో సిడ్నీ చేరెను. నాలుగువేల పైచిలుకు కిలోమీటర్లు, ఇరువది దినములు, సగటు వేగము గంటకు 23 కిలోమీటర్లు. సైకిలు త్రొక్కువానికి అది గొప్ప వేగము కాదు. అయినను ఒక ఖండమును ఎండతోనే దాటవచ్చునని రుజువైనది.

ఆ థోల్‌స్ట్రప్ పూనికపైననే 1987లో మొదటి ప్రపంచ సౌరశకట స్పర్ధ యేర్పడినది. ఉత్తరమున డార్విన్, దక్షిణమున అడిలైడ్. నడుమ 3000 కిలోమీటర్ల ఎర్రనేల, స్టువర్టు రహదారి. జనరల్ మోటార్సువారు నరశక్తితో ఎగురు విమానమును నిర్మించిన పాల్ మెక్‌క్రెడీ బృందమును రప్పించి, ధనమునకు వెనుదీయక "సన్‌రేసర్" అను బండిని చేయించి, గంటకు సగటున 66.9 కిలోమీటర్ల వేగముతో గెలిచిరి. కాని నాకు అంతకంటె రుచించు సంవత్సరము 1990. ఆ యేడు స్విట్జర్లాండులోని బీల్ పట్టణపు ఇంజనీరింగు పాఠశాల విద్యార్థులు జపానుదేశపు హోండా సంస్థను రెండవ స్థానమునకు నెట్టి గెలిచిరి. మిషిగన్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు మూడవ స్థానమున నిలిచిరి. హోండావారు పట్టుబట్టి 1993లోను 1996లోను గెలిచి తమ పంతము చెల్లించుకొని తప్పుకొనిరి. 2001లో హాలండు దేశపు డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు, అంతరిక్షయాత్ర చేసివచ్చిన వుబ్బో ఓకెల్స్ సలహాతో, ఉపగ్రహములకు వాడు గాలియం ఆర్సెనైడు ఘటములను తెచ్చి "నూనా" అను బండి కట్టి మొదటిమారే గెలిచిరి. వారి మూడవ బండి, అనగా 2005 నాటి నూనా, గంటకు 102 కిలోమీటర్లకు పైబడిన సగటుతో అడిలైడు చేరినది. బండ్లు మితిమీరిన వేగమందుకొన్నవని గ్రహించిన నిర్వాహకులు నాటినుండి 2023 వరకు ఫలకముల వైశాల్యమును కోసివేయుచు వచ్చిరి. విద్యార్థులు తక్కువ యెండతోనే దాదాపు ఆ వేగమును నిలుపుకొనుచు వచ్చిరి. 2023లో గెలిచిన బెల్జియము విద్యార్థుల బండి 4 చదరపు మీటర్ల ఫలకములతో గంటకు 88 కిలోమీటర్ల సగటు సాధించినది.

బండి నిర్మాణమనునది ఎట్లుండునో కొంచెము వివరముగా చెప్పవలెను. ఏలయన మనవారు ఇంజనీరింగు చదువు అనగా పరీక్షలు, మార్కులు, కొలువు అని మాత్రమే యెరుగుదురు.

మొదట కొందరు కంప్యూటరు తెరపై గాలిని ప్రవహింపజేసి ఆకృతిని వెదకుదురు. చోదకుడు పడుకొన్నట్లు కూర్చుండు సన్నని గూడు ఒకవైపున, చక్రములను కప్పు రెక్కలు ఇరువైపుల, పైన ఫలకములకు తావైన వెడల్పు వీపు; ఈ మూడును పరస్పరము విరోధించునవి. ఫలకములకు వెడల్పు కావలెను. గాలికి వెడల్పు గిట్టదు. చోదకుని గూడు వీపుమీదికి లేచినచో దాని నీడ ఘటములపై పడును. ఈ నీడ సంగతి సామాన్యులకు తెలియదగినది. సౌరఘటములను ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా కలుపుదురు. గొలుసులో ఒక్క ఘటముపై నీడ పడినను దానిగుండ ప్రవహింపవలసిన కరెంటు సన్నగిల్లి గొలుసంతయు కుంటుపడును. కొబ్బరిచెట్ల నడుమ ఇంటికప్పుపై ఫలకములు పెట్టుకొన్న ఉద్దానపు గృహస్థునకు ఒక్క ఆకునీడ సగము కరెంటును ఎందుకు మింగుచున్నదో ఇందువలన బోధపడును. దీనికి విరుగుడుగా నీడ పడిన ఘటములను తప్పించి కరెంటును ప్రక్కదారి పట్టించు డయోడులను అమర్చుదురు. మరియు గొలుసులను చిన్న చిన్నవిగా విభజించి, ఒక్కొక్కదానికి ఏ వోల్టేజివద్ద అత్యధిక శక్తి లభించునో క్షణక్షణము వెదకి పట్టుకొను ఒక ఎలక్ట్రానిక్ పెట్టెను తగిలించుదురు.

ఆకృతి తేలిన పిమ్మట అచ్చు. అచ్చుపై కార్బను నారబట్టను పొరలుపొరలుగా పరచి, జిగురు పట్టించి, గాలి తీసివేసి, వేడిలో గట్టిపరచుదురు. ఇంత చేసియు బండి మొత్తము తూకము నూటయేబది కిలోలకు అటునిటుగా మాత్రమే యుండును. చోదకుని బరువు విషయమున నియమావళి ఒక చిత్రమైన సమానత్వమును పాటించును: చోదకుడు 80 కిలోలకు తక్కువైనచో ఆ తక్కువను బరువుమూటతో పూరింపవలెను, సన్ననివారికి లాభము కలుగరాదు. పలాసలో జీడిపిక్కల బస్తాయు 80 కిలోలే. అనగా పందెములో ఆ బండి ఖండము దాటించునది సరిగా ఒక్క జీడిబస్తాను.

మోటారును వేరుగా పెట్టి గొలుసుతోనో పళ్లచక్రములతోనో తిప్పినచో దారిలో శక్తి పోవును గనుక చక్రపు నడిబొడ్డునందే దానిని పొదుగుదురు. ఆస్ట్రేలియాలోని ప్రభుత్వ విజ్ఞానసంస్థ ఇట్టి మోటారును నూటికి తొంబదియెనిమిది పాళ్లు సామర్థ్యము కలదానినిగా రూపొందించినది. బ్రేకు వేయునపుడు ఆ మోటారే జనరేటరుగా మారి వేగమును మరల కరెంటుగా బ్యాటరీకి చేర్చును. బ్యాటరీ బరువును గూడ నియమావళియే నిర్ణయించును. 2019లో లిథియం బ్యాటరీకి అనుమతించినది 20 కిలోలు, అందు పట్టునది సుమారు 5 యూనిట్లు. వందలకొలది సన్నని ఘటములను చేతితో టంకమంటించి గొలుసుకట్టుట, గాజువలె పగులు స్వభావముగల వానిని పగులనీయక వంపుమీద అతికించుట, ప్రతి తీగను గుర్తువేసి పెట్టుట, రాత్రి రెండు గంటలకు ఒక కనెక్టరులో ప్రాణము లేదని కనుగొనుట. ఇవన్నియు పందొమ్మిది ఇరువది యేండ్ల పిల్లలు తరగతులు ముగిసిన పిదప చేయు పనులు. డెల్ఫ్ట్ విద్యార్థులైతే ఒక సంవత్సరము చదువే నిలిపివేసి ఈ పనిలో దిగుదురు. వీరుగాక ధనము సేకరించువారు, ఓడపై బండిని పంపు కాగితములు చూచువారు, ఆహారము, గుడారములు ఏర్పాటు చేయువారు వేరుగా నుందురు. ఒక్క పెద్ద కర్మాగారము చేయు సమస్త కార్యములును అక్కడ చిన్న ప్రమాణమున జరుగుచుండును.

పందెము జరుగుతీరు మన బండి పందెములవంటిది కాదు. ఉదయము ఎనిమిదింటి నుండి సాయంకాలము ఐదింటి వరకు మాత్రమే నడపవలెను. ఐదు కొట్టునప్పటికి ఎక్కడున్న అక్కడే యెడారిలో దిగి గుడారము వేసికొనవలెను. నిర్ణీత మజిలీలలో ముప్పదేసి నిమిషములు తప్పక ఆగవలెను. ఆగినపుడు ఫలకమును సూర్యునికి ఎదురుగా వాల్చి, ఉన్న నిమిషములను పిండుకొందురు. వెనుక వచ్చు కారులో ఒక విద్యార్థి ముందరి మబ్బులను, గాలివాటమును, ఎత్తుపల్లములను, బ్యాటరీలోని నిలువను బేరీజు వేసి, ఇప్పుడు గంటకు ఎన్ని కిలోమీటర్లు పోవలెనో చోదకునకు చెప్పుచుండును. ఇక్కడ లోభియు ఓడును, దూబరయు ఓడును. అడిలైడు చేరునప్పటికి బ్యాటరీలో శేషము మిగిలినచో అంత వేగమును వృథా చేసినట్లు. మునుపే నిండుకొన్నచో దారిలో నిలిచిపోయినట్లు. మబ్బు వచ్చునని తెలిసినపుడు దానిలో నుండి త్వరగా బయటపడుటకు వేగము హెచ్చించుటయా, నిలువను కాపాడుటకు తగ్గించుటయా అను ప్రశ్నకు లెక్క తప్ప అనుభవము సమాధానమీయజాలదు.

లెక్క చాలని సందర్భములును కలవు. 2019 స్పర్ధలో హాలండు దేశపు ట్వెంటె విశ్వవిద్యాలయ విద్యార్థుల బండి ముందంజలో నుండగా పెనుగాలి దానిని రోడ్డు మీదనుండి విసరివేసినది. తరువాత డెల్ఫ్ట్ బండి ముందునకు వచ్చి, చివరిదినమున అడిలైడుకు మూడువందల కిలోమీటర్లకు లోపున నుండగా, బ్యాటరీ నుండి నిప్పంటుకొని బూడిదయైనది. చోదకునకు హాని కలుగలేదు. వెనుక వచ్చుచున్న బెల్జియము బృందము ఆ పొగను దాటుకొని పోయి గెలిచెను. నూటయేబది కిలోల బరువున్న దానిని గాలిలోనికి లేవదీయుటకు గాలికెంత బలము కావలెనో తిత్లీ తుపానును చూచిన ఉద్దానమునకు ఎవరును చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపమున తీరము దాటిన ఆ తుపాను కొబ్బరిని, జీడిని వ్రేళ్లతో పెకలించి, కరెంటు స్తంభములను వరుసలుగా పడగొట్టి, గ్రామములను దినముల తరబడి చీకటిలో ముంచినది.

భారతదేశమున ఈ పని పెద్దగా వేరూనలేదు గాని అసలు లేకపోలేదు. మణిపాల్ విద్యార్థులు "సోలార్‌మొబిల్" అను పేరుతో బండ్లు కట్టిరి. మద్రాసు ఐ.ఐ.టి.లోని "అగ్నిరథ్" బృందము "ఆగ్నేయ" అను బండిని నిర్మించి 2023 అక్టోబరులో డార్విన్ నుండి అడిలైడు మార్గముపై పందెమునకు నిలిపినది. చెన్నపట్టణమున ఆరంభమగు 16వ జాతీయ రహదారియే శ్రీకాకుళము, నరసన్నపేటలు దాటి టెక్కలి మీదుగా కాశీబుగ్గ ప్రక్కనుండి సాగి, ఇచ్ఛాపురమువద్ద మన రాష్ట్రమును విడిచి కలకత్తా చేరునది. టెక్కలి వద్ద ఆ రహదారి చెంతనే 2001 నుండి ఆదిత్య ఇంజనీరింగు కళాశాల నడచుచున్నది. టెక్కలి నుండి పలాసకు సుమారు 30 కిలోమీటర్లు. పైన చెప్పిన కొలతల బండి ఆ దూరమును గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోయినచో పట్టు విద్యుత్తు పావు యూనిట్టునకు మించదు. నడిమధ్యాహ్నపు యెండలో 6 చదరపు మీటర్ల ఫలకము ఆ పావు యూనిట్టును పది పదునొకండు నిమిషములలో సమకూర్చును. ఈ లెక్కను ఇంటరు చదువు పిల్లవాడు కాగితముపై వేసి చూచుకొనవచ్చును.

కాగితముపై తేలినది రోడ్డుపై తేలదు. ఎడారిలో పనికివచ్చిన బండికి మన తీరమున వేరు శత్రువులుందురు. సముద్రపు గాలిలోని ఉప్పు రాగితీగల అతుకులను, అల్యూమినియం బిగింపులను తినివేయును. పల్చని పొరగా ఫలకముపై పేరుకొని వెలుతురును అడ్డగించును. ఇసుక బేరింగులలో చేరును. తేమ నిండిన గాలిలో ఆకాశము నీలముగా కాక పాలపొంగువలె తెల్లబారి, ఎండ తీక్ష్ణముగా తోచినను నేరుగా వచ్చు కిరణము తగ్గిపోవును. రహదారిపై ఎదురుగా లారీలు, అడ్డముగా పశువులు, ఊరూర ఆటోలు. పడుకొని నడపు అడుగెత్తు బండి లారీ డ్రైవరు కంటికి ఆనదు. కావున ఇట్టి బండిని ఇక్కడ పరీక్షించువారు జెండా నెత్తిన కారును ముందును వెనుకను పెట్టుకొని, అనుమతులతో, ఫాల్గుణ చైత్ర మాసములలో ఉదయపు వేళ బయలుదేరుట మేలు. అక్టోబరు ఆస్ట్రేలియాకు వసంతము. ఉద్దానమునకు అది తుపానుల మాసము.

ఈ ప్రాంతమునకు కరెంటుతో గల సంబంధమును గూర్చి ఒక మాట చెప్పక దాటుట న్యాయము కాదు. సోంపేట బీలలో 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రమును నిలుపబూనినపుడు ఆ చిత్తడినేలపై ఆధారపడిన రైతులు, మత్స్యకారులు ఎదురుతిరుగగా, 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి; ఆ దినముననే పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రపు అనుమతిని రద్దుచేసినది. ఏడాదియైనను తిరుగక మునుపే, 2011 ఫిబ్రవరిలో, టెక్కలికి చేరువనున్న కాకరాపల్లి తంపర చిత్తడిలో అంతే ప్రమాణముగల మరియొక కేంద్రమునకై అదే కథ నడచి, మరల కాల్పులు, మరల మరణములు. పెలికానులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టుకొను తేలినీలాపురము ఆ తంపర చెంతనే యున్నది. కరెంటు ఎచ్చటినుండి వచ్చుచున్నది, ఎవరి నేలనుండి వచ్చుచున్నది అను ప్రశ్న ఇక్కడి వారికి పాఠ్యపుస్తకములోనిది కాదు. అట్లని ఎండ ఉచితమనియు, దానికి ఎవరి నేలయు అక్కరలేదనియు చెప్పువారిని నేను నమ్మను. ఒక మెగావాటు సౌరఫలకములకు నాలుగైదు ఎకరములు పట్టును. 2640 మెగావాట్లకు పదివేల యెకరములకు పైగా కావలెను. అప్పుడును రాత్రి పూట ఒక్క దీపము వెలుగదు. అందుచేతనే, ఎక్కువ ఉత్పత్తి చేయుట యెట్లు అని కాక, తక్కువతో పని జరుపుకొనుట యెట్లు అని అడుగు ఈ విద్యార్థుల పని నాకు విలువైనదిగా తోచుచున్నది.

ఆ పని ఫలితములు బండి రూపమున బజారునకు రావు. సన్‌రేసరు కట్టిన చేతులే తరువాత జనరల్ మోటార్సునకు "ఇంపాక్ట్" అను విద్యుత్కారును రూపొందించినవి. అదియే 1996లో "ఈవీ1" అయి, నేటి విద్యుత్కార్లకు ముందునడచినది. దానిపై ఫలకములు లేవు. ఆకృతిలోని పొదుపు మాత్రము మిగిలినది. ఫలకములనే నమ్ముకొని బజారునకు వచ్చినవారి గతి వేరు. ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయమున నలుగురు కూర్చుండు సౌరశకటమును కట్టి గెలిచిన విద్యార్థులు "లైట్‌ఇయర్" అను సంస్థను స్థాపించి, 2022లో ఫలకములు కప్పిన కారును తయారుచేయ నారంభించి, 2023 జనవరిలో ఆ తయారీ సంస్థ దివాలా తీయగా ఆ కారును మానుకొనిరి. ధర లక్షల యూరోలు; కొనువారు కొలదిమంది.

ఉద్దానమున అసలు బరువు మోయునవి ఆటోలు, ట్రాలీలు. వజ్రపుకొత్తూరు, మందస, కవిటి తోటల నుండి జీడిబస్తాలు, కొబ్బరి గెలలు వానిమీదనే పలాసకు చేరును. బ్యాటరీతో నడచు ట్రాలీ ఆటోకు 30 కిలోమీటర్ల ప్రయాణమునకు రెండు మూడు యూనిట్లు కావలెను. దాని కప్పుపై పెట్టగలిగిన ఫలకము 2 చదరపు మీటర్లకు మించదు; దినమంతయు ఎండలో నిలిపినను అది ఇచ్చునది ఒకటిన్నర యూనిట్టు, అదియు బండి చెట్టునీడన నిలువకుండినచో. ఎండలో నిలిపిన బండి బ్యాటరీ వేడెక్కి ఆయువు కోల్పోవునను సంగతి సరేసరి. అదే 10 చదరపు మీటర్ల ఫలకములను జీడి షెడ్డు కప్పుపై దక్షిణమునకు వాల్చి బిగించినచో దినమునకు ఏడు యూనిట్లు వచ్చును. అవి రెండు మూడు ప్రయాణములకు చాలును. బండి నీడలో నిలిచియుండును. తుపాను హెచ్చరిక వచ్చినపుడు బోల్టులు విప్పి ఫలకములను దించి లోపల పెట్టుకొనవచ్చును. ఆ ఆటోకు గాలి చీల్చు ఆకృతి అక్కరలేదు, దాని వేగము తక్కువ. కావలసినది గాలి సరిగా కొట్టిన మంచి టైర్లు, తేలికైన ట్రాలీ, ఇసుక చొరని మోటారు, ఉప్పుగాలికి చెడని కనెక్టర్లు. టెక్కలిలోనో పలాసలోనో కొందరు విద్యార్థులు పందెపుబండి కట్టదలచినచో కట్టవచ్చును గాక; అందుకు ముందుగా ఒక పాత ట్రాలీ ఆటోను తెచ్చి, బస్తాకు కిలోమీటరుకు ఎన్ని వాట్‌గంటలు పట్టుచున్నవో కొలిచి, ఆ సంఖ్యను సగము చేయుటకు పూనుకొన్నచో, వారికి పట్టు ఖర్చు కార్బను నారబట్ట ఒక్కదాని ధరకంటె తక్కువయే యగును.